అట్ట మీద 'ట'

మా రేడియోలో నన్ను ఇంజనీరు అంటారు. నేను చదివింది ఐటీఐ, అదీ సగం. తెనాలిలో మా నాన్నకి మైకు సెట్ల దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకి, ఉరుసులకి, ఎన్నికలకి మైకులు కట్టే ఇంట్లో పుట్టాను కాబట్టి ఏ ఆంప్లిఫయరు ఎందుకు గురక పెడుతోందో చెవితోనే చెప్పగలను. అంతకు మించిన విద్య నా దగ్గర లేదు. మొదట్లో ఎవరైనా "ఇంజనీరు గారూ" అని పిలిస్తే నా వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూసేవాణ్ణి. నెల తిరక్కుండానే ఆ అలవాటు పోయింది. పొగడ్తకి అలవాటు పడడానికి నాకెప్పుడూ ఎక్కువ టైము పట్టదు.

రేడియో ఉండేది రేపల్లెలో, ఒక రైసు మిల్లు మేడ మీద. కమ్యూనిటీ రేడియో అంటే పెద్దదేం కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి వినిపించే బుల్లి స్టేషను. ఆ ఊళ్ళవాళ్ళే మాట్లాడతారు, ఆ ఊళ్ళవాళ్ళే వింటారు. దాన్ని ఒక ట్రస్టు నడుపుతుంది. నడుపుతుంది అనేది మర్యాదకి వాడే మాట, నెట్టుకొస్తుంది అనడం సబబు. గంటకి ఇన్ని నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని మాకు రూలు ఉంది. ఆ రూలుని మేమెన్నడూ మీరలేదు, ఎందుకంటే మాకు ప్రకటనలిచ్చేవాళ్ళే లేరు. దాతలు మాత్రం ఇంట్లో అడ్డంగా ఉన్న వస్తువులు తెచ్చి ఇచ్చేవారు. ఒకాయన పాత ఏసీ ఇచ్చాడు. అది చల్లదనం తప్ప నీళ్ళు, చప్పుడు, వాసన అన్నీ ఇచ్చేది. మిల్లు యజమాని గది ఊరికే ఇచ్చాడు. గదితో పాటు బియ్యంలో ముక్క పురుగుల్ని కూడా ఊరికే ఇచ్చాడు.

కింద మిల్లు ఆడుతుంటే పైన మా మైకులో బియ్యం పట్టినట్టే వినిపించేది. బయటి చప్పుడు ఆపడానికి స్టూడియో గోడలకి వేసే పలకలు కొనే స్తోమత మాకు లేదు. అందుకని నేనే ఆలోచించి, కోడిగుడ్ల అట్టలు పోగుచేసి, గిన్నెడు మైదా ఉడకబెట్టి, రెండు రోజులు కూర్చుని నాలుగు గోడలకీ అంటించాను. వచ్చినవాళ్ళందరికీ ఆ గోడలు చూపించి పొంగిపోయేవాణ్ణి. ఆ మైదా గిన్నె సంగతి మళ్ళీ వస్తుంది. ఆ రెండు రోజులూ అది మాస్టారి బల్ల మీద ఉండేదని గుర్తుంచుకుంటే చాలు.

మాస్టారంటే ట్రస్టు తరఫున స్టేషను చూసే పెద్దాయన. బాపట్ల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రోజూ చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చేవారు, సీటు దొరికినా దొరక్కపోయినా చొక్కా ఇస్త్రీ చెదిరేది కాదు. ఆయనకి తప్పు సంధి అన్నా, ఢిల్లీ అన్నా భయం. ఢిల్లీ ఆఫీసువాళ్ళు ఇచ్చిన నిబంధనల పుస్తకం జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగు వేయించి బల్ల మీద పెట్టుకున్నారు. అందులో ఎనిమిదో పేజీ ఆయనకి కంఠతా వచ్చు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు అన్న ముక్క ఉండేది ఆ పేజీలోనే. ప్రభుత్వ రేడియో వార్తలు కావాలంటే ఉన్నవి ఉన్నట్టు వినిపించుకోవచ్చు, అంతే. తొమ్మిదో పేజీ మాత్రం ఆయన చదవలేదు. జిరాక్సు షాపు అతను ఆ పేజీ వదిలేశాడని రెండేళ్ళుగా విసుక్కుంటూనే ఉన్నారు. ఇంటర్నెట్లో దొరుకుతుంది కదండీ అంటే, ముద్ర లేని కాగితం నేను నమ్మనయ్యా అనేవారు.

ఇక అక్క. అక్క రేవు నుంచి చేపలు తెచ్చి రేపల్లె వీధుల్లో అమ్మే మనిషి. ఒకరోజు మెట్లెక్కి పైకొచ్చింది. మా ఏసీ నీళ్ళు కింద తన తట్టలో పడుతున్నాయని తగాదా పెట్టుకోడానికి వచ్చింది. ఆమె అరుస్తుంటే నేను యథాలాపంగా, మైకులో గొంతు ఎంత పడుతోందో చూపే మీటరు వైపు చూశాను. మైకుకి పది అడుగుల దూరంలో నిలబడి కూడా ముల్లుని చివరికంటా తోసేస్తోంది. అటువంటి గొంతు మా నాన్న మైకు సెట్ల జీవితంలో కూడా తగిలి ఉండదు. తగాదా అయ్యాక ఆమెకి టీ ఇచ్చి, రోజూ పొద్దున్న ఏడున్నరకి ఒక అరగంట మాట్లాడతావా అక్కా అని అడిగాను. ఏం మాట్లాడాలని అడిగింది. వీధుల్లో తిరుగుతావు కదా, చూసింది చెప్పు అన్నాను. అలా మొదలైంది.

నెల రోజుల్లో ఆమె కార్యక్రమమే మా రేడియో అయిపోయింది. మిగతా పొద్దంతా మేం ఏం వేసినా ఎవరికీ పట్టేది కాదు. ఫలానా బస్సు రాలేదు, ఫలానా వీధిలో కరెంటు కోత, గేదె ఒకటి కాలవగట్టున తిరుగుతోంది ఎవరిదో చూసుకోండి, ఇవీ ఆమె కబుర్లు. ఆమెకి మేమేమీ పెద్దగా ఇచ్చేవాళ్ళం కాదు. ఒకసారి నేనే ఎందుకొస్తున్నావక్కా అని అడిగాను. పదిహేనేళ్ళు వీధుల్లో అరిచాను తమ్ముడూ, అందరూ తట్టలోకి చూసేవాళ్ళే గాని నా మొహంలోకి చూసినవాళ్ళు లేరు, ఇప్పుడు గుమ్మంలోకొచ్చి రేడియో అక్కా అంటున్నారు అని చెప్పింది. చెప్పి సిగ్గుపడి, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ మాస్టారికి ఎనిమిదో పేజీ గుర్తొచ్చింది. ఊళ్ళో జరిగింది చెబితే అది వార్తే కదా అని ఆయనకి నిద్రపట్టడం మానేసింది. ఒకరోజు ఆమెని కూర్చోబెట్టి విషయం చెప్పారు.

"బస్సు రాలేదని చెబితే వార్తెట్టా అవుద్దండి మేష్టారూ? రాలేదుగా" అంది అక్క.

"రాకపోవడమే వార్తమ్మా" అన్నారు మాస్టారు.

ఇద్దరూ అక్కడ ఆగిపోయారు. ఊరుకుంటే కార్యక్రమం పోయేట్టుంది. అప్పుడు నా బుర్రలో ఆ ఆలోచన వెలిగింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మాస్టారూ, మనమే చెప్పినట్టు ఉండకూడదు, అంతేనా అన్నాను. అంతే అన్నారు. అయితే చివర్న 'అట' తగిలిద్దామండీ, బస్సు రాలేదు అంటే మనం చెప్పినట్టు, బస్సు రాలేదట అంటే ఎవరో అన్నారు, మనకేం సంబంధం అన్నాను.

మాస్టారి మొహం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వ్యాకరణం చెబితే ఒక్కడూ దాన్ని దేనికీ వాడలేదు, మొదటిసారి ఒక మనిషి దాన్ని పనికి తెచ్చాడు అని నా భుజం తట్టారు. తను చూడనిది, ఇంకొకరి నోట విన్నది అని తెలిపే మాట కాబట్టి అందులో బాధ్యత వక్త మీద ఉండదని ఇరవై నిమిషాలు వివరించారు. అక్క ఆవలించింది. నేను మాత్రం నా తెలివికి నేనే మురిసిపోతూ ఇరవై నిమిషాలూ విన్నాను.

అమలులో ఒక చిక్కు వచ్చింది. మాస్టారేమో 'రాలేదట' అనాలంటారు. అక్కకి 'రాలేదంట' తప్ప నోరు తిరగదు. అట అనమ్మా అని ఆయన, అంట అనే అంటున్నానండి అని ఆమె. చివరికి రెంటిలోనూ తోక 'ట'యే కదా అని నేను రాజీ కుదిర్చాను. ఒక గుడ్ల అట్ట చింపి, వెనకవైపు ఎర్ర రంగుతో పెద్ద 'ట' రాశాను. ఆమె మరిచిపోయినప్పుడల్లా స్టూడియో గది అద్దం ఇవతల నుంచి ఆ అట్ట ఎత్తి చూపించడం నా ఉద్యోగంలో భాగమైంది. ఎవరైనా నువ్వేం పని చేస్తావని అడిగితే నిజానికి 'ట' చూపిస్తానని చెప్పాలి. నేను మాత్రం ప్రసార సాంకేతిక విభాగం అని చెప్పేవాణ్ణి.

అక్క ఏ పని చేసినా అరకొరగా చేసే మనిషి కాదు. 'ట' పెట్టమన్నాం కాబట్టి అన్నిటికీ పెట్టింది. నమస్కారమంట అని మొదలుపెట్టేది. ఇవాళ మంగళవారమంట, టైము ఏడున్నరంట, నేను మీ అక్కనంట. ఒకరోజు మేడ మీద రేకులు అదిరేలా వాన కొడుతోంది, ఆ చప్పుడు మైకులో పడుతూనే ఉంది, ఆమె మాత్రం అద్దంలోంచి నా అట్ట వైపు చూసి వానొస్తందంట అంది. ఊరికి ఇంతకన్నా సరదా దొరకలేదు. టిఫిన్ హోటల్లో సర్వరు ఇడ్లీ అయిపోయిందంట అనేవాడు, వంటింట్లోంచి తనే చూసి వచ్చి. తెనాలి ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీదకి వచ్చి ఆగాక కూడా రైలొచ్చిందంట అని నవ్వుకుంటూ ఎక్కేవారు. మా అమ్మ సైతం తెనాలిలో నాకు అన్నం వడ్డిస్తూ, నువ్వు ఇంజనీరువంట కదా అని మొదలుపెట్టింది. నాకు అది వెక్కిరింపని తెలుసు. అయినా ఊరు ఊరంతా మా అక్షరం పలుకుతోందని లోపల గర్వంగానే ఉండేది.

అటువంటి రోజుల్లో ఒక బుధవారం ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. మా అనుమతి కాలం ముగుస్తోంది, మళ్ళీ ఇవ్వాలా వద్దా అని వాళ్ళు చూస్తున్నారు. నియమం ప్రకారం మేం దాచి పంపిన రికార్డింగులు విన్నారు. ఉదయం ఏడున్నర ప్రసారంలో ప్రతి వాక్యం చివరా 'ట' అనే శబ్దం పదేపదే వస్తోందని, అది ట్రాన్స్‌మిటరులో సాంకేతిక లోపమని అనుమానంగా ఉందని, దాన్ని సరిచేసి సోమవారం బాపట్లలో వీడియో ద్వారా జరిగే విచారణలో సంజాయిషీ చెప్పుకోవాలని అందులో ఉంది. విన్నవాళ్ళకి తెలుగు రాదని ఆ ఉత్తరం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. సాంకేతిక లోపం అన్న మాట చూడగానే నాలో ఇంజనీరు లేచి కూర్చున్నాడు. ఆ పూటంతా ప్రసారం ఆపి ట్రాన్స్‌మిటరు విప్పాను. వైర్లు మార్చాను. ఫ్యానుకి నూనె వేశాను. లోపల ఒక ముక్క పురుగు దొరికితే, దొరికిందండీ దొంగ అని మాస్టారికి కాగితం మీద పెట్టి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, ఇది ట అంటుందా అని అడిగారు. రెక్క తగిలితే అనొచ్చండీ అన్నాను. అన్నీ బిగించి, రికార్డింగు పెట్టి విన్నాం. కరెంటు లేదంట, బస్సు రాదంట, గేదె దొరికిందంట. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఆ పురుగుని మెల్లిగా కాగితంలో మడిచేశాను.

నవ్వు వచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. చిక్కు ఎక్కడుందో మాస్టారు నిదానంగా చెప్పారు. 'ట' ఉంటే అది లోపం. 'ట' తీసేస్తే అక్క చెప్పేది వార్త అవుతుంది. రెంటిలో ఏదైనా అనుమతి పోవడానికి చాలు. అనుమతి పోతే రేడియోనే ఉండదు. కాబట్టి అక్క కార్యక్రమం శనివారంతో ఆపేస్తే లోపం సరిచేశామని సోమవారం చెప్పవచ్చు. ఆ అరగంటలో ఆయనే సంధుల మీద పాఠాలు చెబుతారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు కూడా బాగా లేదు. నేను ఏదైనా అనాల్సింది. 'ట' నేను తెచ్చిందే, ఆమెది కాదు అని గట్టిగా అడ్డుపడాల్సింది. అప్పటిదాకా నా తెలివిని అందరికీ చెప్పుకున్నవాణ్ణి ఆ పూట మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

అక్కకి మాస్టారే చెప్పారు. ఆమె తగాదా పెట్టుకోలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తట్ట అంచు పట్టుకుని కాసేపు నిలబడి, సోమవారం నుంచి మళ్ళీ తట్టలోకే చూస్తారులెండి అంది.

శనివారం ఆమెది ఆఖరి కార్యక్రమం. ఏడు దాటాక కలెక్టరు ఆఫీసు నుంచి మా ఫోనుకి సందేశం వచ్చింది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీద పెద్ద గాలులు ఉంటాయి, వేటకి ఎవరూ వెళ్ళకూడదు. అక్క వాళ్ళ రేవు మా రేడియో అందే హద్దులో ఉంది. అక్కడివాళ్ళు బట్టలారేసే తీగకి వైరు కట్టి మరీ మమ్మల్ని వింటారు. ఆమె భర్త పడవ, అన్నదమ్ముల పడవలు అన్నీ ఆ రేవులోనే ఉంటాయి. సందేశం కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చాను. బయట ఎండ ఫెళఫెళ కాస్తోంది, ఆకు కదలడం లేదు.

ఆమె చదివింది. మజ్జానం నుంచి గాలులొస్తాయంట, ఏటకి ఎల్లొద్దంట అని రెండుసార్లు చెప్పింది. అలవాటు ప్రకారం నేను అట్ట ఎత్తి పట్టుకునే ఉన్నాను. మాస్టారు నా పక్కన నిలబడ్డారు. ఇంతలో శ్రోతల ఫోను మోగింది. స్పీకరులో పెట్టాను. అక్క భర్త.

"ఏమే, ఎల్లొద్దంట అంటన్నావు. ఎవరన్నారంట? ఇక్కడందరూ నవ్వుతున్నారు, ఇడ్లీ అయిపోయిందంట లాంటిదేనా ఇది అని. తాళ్ళు ఇప్పేశాం. నిజంగానా, ఊరికేనా?"

మాట నిజమే. మూడు నెలలుగా మేం ఆ అక్షరంతో ఊరిని నవ్వించాం. ఇప్పుడు దాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు. అక్క తలెత్తి నా వైపు చూసింది. నా చేతిలో అట్ట అలాగే ఉంది. దాన్ని దించాలని కూడా నాకు తోచలేదు, అంత మొద్దుబారిపోయాను. ఆమె చూపు అట్ట మీద నుంచి తీసేసి మైకు దగ్గరికి జరిగింది.

"ట లేదు. ఎల్లొద్దు. నేను చెప్తన్నాను, మీ అక్కని. తాళ్ళు కట్టేయండి."

మీటరు ముల్లు చివరికంటా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మాస్టారు మెల్లిగా నా చేతిలోంచి అట్ట తీసుకుని, మడిచి, తన సంచిలో పెట్టుకున్నారు. అవతల ఫోనులో, కట్టేయండ్రా అన్న కేక వినిపించింది.

మధ్యాహ్నం మూడింటికి గాలి వచ్చింది. మిల్లు ముందు ఆరబోసిన ధాన్యం మీది పట్టాలు ఎగిరి కరెంటు తీగల మీద పడ్డాయి. ఏసీ బయటి డబ్బా దానంతటదే ఊడి కింద పడింది, ఎవరికీ తగల్లేదు, అందరం సంతోషించాం. రేవులో పడవలన్నీ కట్టిన చోటే ఉన్నాయని సాయంత్రం అక్క ఫోను చేసి చెప్పింది. అప్పటిదాకా నేను గదిలో కూర్చోలేక మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను.

సోమవారం విచారణకి ముగ్గురం బాపట్ల వెళ్ళాం. నా మీద వచ్చిన ఫిర్యాదుకి నేను రాకపోతే ఎట్టా అని అక్క బస్సెక్కింది. తట్ట కూడా వచ్చింది. ఆఫీసు గదిలో దాన్ని బల్ల కింద పెట్టాం. అక్కడి అటెండరు రెండు నిమిషాలకొకసారి కిటికీ తెరుస్తూ ఉన్నాడు. తెర మీద ఢిల్లీ అధికారిణి వచ్చారు, హిందీలో మాట్లాడారు. మాస్టారు ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసుకొచ్చి, మొదటి వాక్యం దగ్గరే తడబడి, చేతిలోని నిబంధనల పుస్తకంతో పాటు నా వైపు తిరిగారు. మా ఇంట్లో ఉర్దూ ఉంది కాబట్టి ఆ భారం నా మీద పడింది. అయితే నాది మా అమ్మ వంటింట్లో తిట్టగా నేర్చుకున్న ఉర్దూ. సర్కారుతో మాట్లాడడానికి సరిపోయే మాటలు అందులో తక్కువ.

ఆవిడ ఆ శబ్దం ఏమిటని అడిగారు. మేడమ్, అది యంత్రంలోది కాదు, భాషలోది అని చెప్పాను. అర్థం కాలేదన్నారు. ఎవరో అన్నారు, నేను కాదు అని చెప్పడానికి మేం పెట్టే తోక అన్నాను. ప్రతి వాక్యానికీ ఎందుకు పెట్టారు అన్నారు. అక్క నా మోచేతి మీద పొడిచి ఆవిడ ఏమంటోందని అడిగింది. చెప్పాను.

"అది చప్పుడు కాదు, భయం అని చెప్పు తమ్ముడూ" అంది.

అదే చెప్పాను. అందుకు నా వంటింటి ఉర్దూ బాగానే సరిపోయింది. ఆవిడ దేనికి భయం అని అడిగారు. మాస్టారు ఎనిమిదో పేజీ తీసి తెర ముందు పెట్టారు. అది సరే, తొమ్మిదో పేజీ చూడలేదా అన్నారావిడ. మా దగ్గర ఆ పేజీ లేదండి, జిరాక్సు షాపులో వదిలేశారు అని మాస్టారు తెలుగులోనే చెప్పారు. అప్పుడు ఆవిడే తన దగ్గరున్న తొమ్మిదో పేజీ చదివి వినిపించారు. వాతావరణం, రోడ్ల మీద రాకపోకలు, కరెంటు, నీళ్ళు, పరీక్షలు, అధికారులు చెప్పే ప్రమాద హెచ్చరికలు, ఇవేవీ వార్తల కిందకి రావు. చెప్పుకోవచ్చు. గేదె గురించి అందులో లేదు గాని, గేదె తప్పిపోతే చెప్పండి, నేను అడ్డుచెప్పను అన్నారు.

ఆవిడ చదువుతున్నంతసేపూ, మాస్టారు తెర ముందు నుంచి తీసి నాకిచ్చిన పుస్తకం నా చేతిలోనే ఉంది. ఎనిమిదో కాగితం వేలికి దళసరిగా తగిలింది. అంచు గోటితో గీకాను. ఎనిమిదో కాగితం వీపుకి తొమ్మిదోది బల్లిలా అతుక్కుని ఉంది. మెల్లిగా లాగితే ఊడి వచ్చింది. దానితో పాటు ఎండిపోయిన తెల్లటి పెచ్చు ఒకటి బల్ల మీద రాలింది. రెండు రోజులు ఆ పుస్తకం మీదే మైదా గిన్నె పెట్టుకున్నది నేను.

మాస్టారు తెర వైపు చూస్తున్నారు. అక్క మాత్రం ఆ పెచ్చుని వేలికి అద్దుకుని, వాసన చూసి, నా మొహంలోకి చూసింది. నేను పేజీ దొరికిందండీ మాస్టారూ అని మాత్రం అన్నాను, ఏదో కష్టపడి వెతికినవాడిలా. చూశావా, బైండింగు కూడా చేతగాదు ఆ జిరాక్సు అతనికి అన్నారాయన. లోపం సరిచేయబడింది అని రాసుకుని ఢిల్లీ ఆవిడ తెర మూసేశారు.

తిరుగు బస్సులో మాస్టారు అక్క పక్కన కూర్చుని, రేపటి నుంచి మళ్ళీ రావాలమ్మా, తప్పు మాదే అన్నారు. వస్తానండి అని ఆమె కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను వెనక సీట్లో కూర్చుని చెరుకుపల్లి దాకా నిద్ర నటించాను.

మంగళవారం ఏడున్నరకి ఎర్ర లైటు వెలిగింది. నా చేతిలో ఏ అట్టా లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు నా పక్కన చెవులు రిక్కించి నిలబడ్డారు. నమస్కారం, నేను మీ అక్కని అంది ఆమె. ఇవాళ మంగళవారం అంది. తెనాలి రైలు టైముకే వచ్చింది, గాలికి తెగిన కరెంటు తీగలు సాయంత్రానికి కడతారు, రేవులో అందరూ బాగున్నారు. ఒక్కదానికీ తోక లేదు. ఇంత శుభ్రంగా ఎవరైనా మాట్లాడగా నేను విన్లేదు. నా కళ్ళు చెమర్చాయి, అదీ చెబుతున్నాను.

కార్యక్రమం ముగించే ముందు ఆమె ఆగింది. అద్దంలోంచి సూటిగా నా వైపు చూసింది.

"ఇంకొక్క మాట. మా ఇంజనీరు తమ్ముడు మహా నిజాయితీ మనిషంట."

మాస్టారు తల ఊపి, ఇదిగో, ఇక్కడ ప్రయోగం అమోఘం అన్నారు. అని, ఎందుకు అమోఘమో ఆలోచిస్తూ నా వైపు తిరిగారు. ఎర్ర లైటు ఆరింది. ఇక తప్పించుకునే దారి లేదు. మైదా గిన్నె దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆయన చాలాసేపు గోడల మీది గుడ్ల అట్టలు చూశారు. తర్వాత సంచిలోంచి మడిచిన 'ట' తీసి నా ముందు పెట్టారు.

"రెండేళ్ళు ఆ జిరాక్సు అతన్ని తిట్టుకున్నానయ్యా. పేజీ అంటించింది నువ్వేనా, లేక 'నువ్వేనట'నా?"

"నేనేనండి" అన్నాను, అట్టని అవతలికి జరిపి.